ఐదు వాట్ల ట్యూబ్ యాంపు, ఒక జెరాక్స్ కాగితం

జూన్ 1, ఆదివారం

నాలుగు నెలలుగా వాయిదా వేస్తున్న పని, నా గిటార్ యాంపు బాగుచేసుకోవడం, ఇవాళ మొదలుపెట్టాను. మల్కాజిగిరిలో మాది రెండు గదుల ఫ్లాటు, గోడ అవతల చంటిపిల్ల ఉన్న ఇల్లు. ఇక్కడ పెద్ద యాంపు కుదరదు. అయినా గిటార్ వాయిస్తే ట్యూబ్ యాంపులోనే (గాజు వాల్వులతో నడిచే పాతకాలపు రకం) వాయించాలని కాలేజీ రోజుల నుంచి కోరిక. అందుకే ఫిబ్రవరిలో ఐదు వాట్లది, ఎవరో వాడి అమ్మేసినది, 14,000 రూపాయలకు కొన్నాను. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. లోపల రెండు ట్యూబులు: గిటార్ సిగ్నల్‌ను పెంచే 12ఏఎక్స్7, స్పీకరును నడిపే ఈఎల్84. ఆరున్నర అంగుళాల స్పీకరు. ముందు ఒక వాల్యూమ్ నాబు, ఒక టోన్ నాబు. అంతే.

నేను ఆశించింది ఇది: వాల్యూమ్ సగం దాటాక తీగను మెల్లగా మీటితే శుభ్రంగా పలకాలి, గట్టిగా మీటితే గరగరలాడాలి. ట్యూబు సిగ్నల్‌ను ఒక్కసారిగా కోసేయదు, ముందు వంచుతుంది, ఆ తర్వాత కోస్తుంది. చెవికి ఇంపుగా ఉండేది ఆ వంపే.

నాకు దక్కింది వేరు. సన్న తీగలు రేకు డబ్బా మీద గోరు గీసినట్టు, లావు తీగలు తడి గోనెసంచిని కొట్టినట్టు. వాల్యూమ్ పెంచితే గరగర రాదు, ముద్ద వస్తుంది. ఏమీ వాయించనప్పుడు కూడా గుయ్‌మని ఒకటే రొద.

అందరూ చేసే పనే నేనూ చేశాను. ట్యూబులు మార్చాను. రెండు విడతల్లో 5,600 రూపాయలు పోసి పేరున్న ట్యూబులు తెప్పించాను. బుస్సుమనే హిస్ కొంచెం తగ్గింది. ముద్ద ముద్దలాగే ఉంది. ట్యూబులు మారిస్తే టోన్ మారిపోతుందన్న మాట నేను ఇక నమ్మను. ట్యూబు చుట్టూ ఉన్నవి సరిగ్గా లేకపోతే ఏ ట్యూబైనా ఇలాగే పలుకుతుంది. ఆ చుట్టూ ఉన్నవాటిని ఒక్కొక్కటిగా కొలిచి, మార్చి, విని ఇక్కడ రాసుకుంటాను. ఒకసారికి ఒకటే మార్పు. రెండు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

జూన్ 7, శనివారం

స్క్రూడ్రైవర్ ముట్టకుండా చేయగలిగిన మొదటి పరీక్ష స్పీకరే. మా బ్యాండులో బేస్ వాయించే తమ్ముడి దగ్గర 12 అంగుళాల స్పీకరు బాక్సు ఒకటి ఖాళీగా ఉంటే ఆటోలో వేసుకుని వచ్చాను. అది 8 ఓమ్‌లు, నా యాంపు స్పీకరూ 8 ఓమ్‌లే. యాంపు ఆపి, లోపలి స్పీకరు వైర్లు పీకి, ఈ బాక్సుకు కలిపాను.

ట్యూబ్ యాంపును స్పీకరు లేకుండా ఎప్పుడూ ఆన్ చేయకూడదు. భారం లేనప్పుడు, ట్యూబుకూ స్పీకరుకూ మధ్య ఉండే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ట్యూబు వైపు చుట్టులో వోల్టేజి ఎగదన్ని లోపలి ఇన్సులేషన్ కాలిపోతుంది. కొత్తగా ఈ పనిలోకి దిగేవాళ్లు ముందు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి.

మొదటి E కార్డు (కొన్ని స్వరాలు ఒకేసారి మీటడం) కొట్టగానే మా ఆవిడ వంటగదిలోంచి వచ్చి చూసింది. "అదేనా ఇది?" అంది. అదే యాంపు, అదే నాబు. ఫోన్‌లో సౌండు మీటరు పెట్టి మీటరు దూరం నుంచి చూస్తే పాత స్పీకరు కంటే 9 డెసిబెల్స్ ఎక్కువ. పవర్ రెండింతలైతే 3 డెసిబెల్స్ పెరుగుతాయి కాబట్టి 9 అంటే ఎనిమిదింతలు. పాత స్పీకరుతో ఇంత సౌండు రావాలంటే 40 వాట్ల యాంపు కావాలి. రేకు డబ్బా చప్పుడు పూర్తిగా పోయింది. చిన్న స్పీకరుకు చిన్న పెట్టె, అందులోంచి లావు తీగల స్వరం బయటికి వచ్చే దారే లేదు.

సగం రోగం ఇక్కడే ఉందని తేలింది. ట్యూబుల మీద పెట్టిన 5,600 ముందే స్పీకరు మీద పెట్టాల్సింది. వాడిన 12 అంగుళాల స్పీకరు కోసం వెతుకుతున్నాను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో, వెనక సగం తెరిచి ఉండే బాక్సు చేయించాలి.

మిగిలినవి గుయ్‌మనే రొద, లావు తీగల ముద్ద. పెద్ద స్పీకరు మీద ఈ రెండూ ఇంకా స్పష్టంగా వినిపిస్తున్నాయి.

జూన్ 14, శనివారం

కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి కెపాసిటర్లు, రెసిస్టర్లు తెచ్చాను. అక్కడినుంచి చాదర్‌ఘాట్ వైపు ఒక సందులో పాత రేడియోలు బాగుచేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అందరూ ఆయన్ను ఉస్తాద్ అంటారు, నేనూ అంతే. డెబ్బై దాటినా చెయ్యి వణకదు. యాంపు వెనక పలక విప్పి చూసి, "ఇది వాల్వు సెట్టే గదా బేటా, రేడియోల చివరి ముక్క" అన్నాడు. నిజమే. ఈఎల్84 పాత రేడియోల్లో స్పీకరును నడిపిన ట్యూబే. 1958 నాటి వాక్స్ ఏసీ15 గిటార్ యాంపులో ఉన్నదీ ఇదే, అందులో రెండు.

విప్పే ముందు ఆయన నేర్పింది రాసిపెడుతున్నాను. ప్లగ్గు పీకినా కెపాసిటర్లలో 300 వోల్టుల దాకా నిలిచి ఉంటుంది. 10 కిలోఓమ్, 5 వాట్ల రెసిస్టరుకు రెండువైపులా క్లిప్పులు కట్టి, ఒక క్లిప్పు చాసిస్‌కు (యాంపు లోహపు చట్రానికి), ఇంకోటి కెపాసిటర్ ప్లస్‌కు పెట్టాలి. మీటరు 5 వోల్టుల కిందికి వచ్చిందాకా చెయ్యి పెట్టకూడదు. ఆన్‌లో ఉండగా కొలవాల్సి వస్తే మీటరు నల్ల వైరు ముందే చాసిస్‌కు క్లిప్ చేసుకోవాలి. "ఎడమ చెయ్యి జేబుల వెట్టు బేటా. రెండు చేతులు లోపలికి పోయినయంటే కరెంటు గుండెల నుంచి పోతది."

కొలతలు ఇవి. గోడ ప్లగ్గులో 243 వోల్టులు, యాంపు వెనక చీటీ మీద 220 అని ఉంది. ట్యూబును లోపలినుంచి వేడిచేసే హీటరు 6.9 వోల్టులు, కావాల్సింది 6.3. పది శాతం అటూ ఇటూ ఉండొచ్చు కాబట్టి ఇది సరిగ్గా అంచున ఉంది. ఈఎల్84లో ఎలక్ట్రాన్లు చేరే ప్లేటు దగ్గర 292, అవి బయల్దేరే కాథోడ్ దగ్గర 8.1, కాథోడ్ రెసిస్టరు 130 ఓమ్‌లు.

8.1ని 130తో భాగిస్తే 62 మిల్లీఆంపియర్లు. అందులో స్క్రీన్‌ది (కాథోడ్‌కూ ప్లేటుకూ మధ్య ఉండే జాలీది) సుమారు 5 తీసేస్తే ప్లేటుకు 57. ప్లేటుకూ కాథోడ్‌కూ మధ్య 284 వోల్టులు. గుణిస్తే 16 వాట్ల పైమాటే. ఈఎల్84 ప్లేటు భరించగలిగేది 12 వాట్లు.

ఉస్తాద్ షాపులో లైటు ఆర్పేశాడు. హీటరు నారింజ వెలుగు మామూలే. దాని చుట్టూ బూడిదరంగు ప్లేటు అంచున, రెక్క మొదలయ్యే చోట, గోరంత మేర సన్నటి ఎరుపు ఉంది. నాలుగు నెలలుగా ఈ ట్యూబును నేను ఇలా కాలుస్తున్నాను. నేను కొన్న ఖరీదైన ట్యూబులు రెండూ ఇదే మంట మీద కూర్చున్నాయి.

"పాత సెట్ల ఎనక 200, 220, 240 అని ట్యాపులుండేటివి. మన కరెంటు ఎట్లొస్తే అట్ల మార్చుకునేటోళ్లం. దీనికి అది లేదు" అన్నాడు.

జూన్ 15, ఆదివారం

వోల్టేజి ఎంచుకునే ట్యాపు లేదు కాబట్టి గోడ నుంచి వచ్చే వోల్టేజీనే తగ్గించాలి. ఉస్తాద్ చెప్పిన చవక దారి: 12-0-12, 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తీసుకుని, దాని సెకండరీ (12, 12 కలిపి 24 వోల్టులు బయటికి ఇచ్చే చుట్టు) రెండు చివరలను మెయిన్స్, అంటే గోడ కరెంటు, ఫేజ్ వైరులో వరుసగా, ఎదురు దిక్కుగా కలపడం. 24 వోల్టులు మెయిన్స్‌లోంచి తీసివేత అవుతాయి. యాంపు లాగే కరెంటు పావు ఆంపియర్ కూడా ఉండదు కాబట్టి 1 ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కదు. ఫ్యూజు ముందు, ఎర్తు వైరు మాత్రం తెగకుండా నేరుగా యాంపుకు.

యాంపు కలపకుండా ముందు మీటరుతో చూశాను. 266 చూపించింది. తీసివేత కాదు, కూడిక అయింది. సెకండరీ చివరలు రెండూ అటుదిటు చేస్తే 219 వచ్చింది. ఇది చూడకుండా యాంపు ప్లగ్గు పెట్టి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ టెన్షన్.

219తో హీటరు 6.3కి దిగింది. ప్లేటు 268, కాథోడ్ 7.4. లెక్క వేస్తే పదమూడున్నర వాట్లు. మెరుగే కానీ ఇంకా ఎక్కువ. కాథోడ్ రెసిస్టరు 130 తీసి 180 ఓమ్‌లది, 5 వాట్లది వేశాను. ఇప్పుడు కాథోడ్ 8.5, ప్లేటు 273. ప్లేటు కరెంటు 43 మిల్లీఆంపియర్లు, 11.4 వాట్లు. రాత్రి గది చీకటి చేసి ఐదు నిమిషాలు చూశాను. ఎరుపు లేదు.

సౌండు సంగతి: పెద్ద తేడా ఉంటుందనుకోలేదు, కానీ ఉంది. గట్టిగా మీటినప్పుడు స్వరం కూలబడటం తగ్గింది. ట్యూబుకు కిందికి మీదికి ఊగే జాగా దొరికింది.

ఉస్తాద్ రేకు డబ్బాలోంచి బెల్ ముద్ర ఉన్న పాత ఈఎల్84 ఒకటి ఇచ్చాడు. భారత్ ఎలక్ట్రానిక్స్ 1961లో బెంగళూరులో రేడియో వాల్వుల తయారీ మొదలుపెట్టింది, ఆ కాలపు సరుకు. ఇప్పుడు అదే వేశాను. ఖరీదైన దానికీ దీనికీ తేడా కళ్లు మూసుకుని వింటే చెప్పలేకపోయాను.

జూన్ 22, ఆదివారం

ఇవాళంతా గుయ్‌మనే రొద మీదే.

మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. హీటరు వైర్ల నుంచి దూరే రొద 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కరెంటును ఒకే దిక్కుకు మళ్లించే రెక్టిఫయర్ దాటాక మిగిలిన అల మాత్రం 100 హెర్ట్జ్, ఎందుకంటే రెక్టిఫయర్ కింది సగాన్ని కూడా మీదికి తిప్పేస్తుంది. కాబట్టి రొద ఏ స్వరంలో ఉందో తెలిస్తే ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. దీనికి స్కోపు (అలను తెర మీద చూపే పరికరం) అక్కర్లేదు, చేతిలో గిటార్ ఉంది.

లావు E తీగ మూడో ఫ్రెట్ (గిటార్ మెడ మీది మూడో గడి) జీ స్వరం, 98 హెర్ట్జ్. యాంపు స్పీకరు దగ్గర చెవి పెట్టి, గిటార్‌ను యాంపుకు కలపకుండానే ఆ స్వరం మీటాను. రొద దాదాపు అదే, ఒక పిసరు పైన. రెండు స్వరాలూ కలిసి సెకనుకు రెండుసార్లు ఊగుతున్నాయి. ఫోన్‌లో ట్యూనరు తెరిచి స్పీకరు ముందు పెడితే జీ అని చూపించి, ముల్లు 35 సెంట్లు (సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు) కుడివైపుకు వెళ్లింది. 98 నుంచి 100కు ఉండే తేడా సరిగ్గా అంతే. హీటరు కాదు, పవర్ సప్లై.

ఆ అలను చదును చేసే మొదటి ఫిల్టర్ కెపాసిటర్ 22 మైక్రోఫారడ్లు. దాన్ని తీసి 47 మైక్రోఫారడ్లు, 450 వోల్టులది వేశాను. రొద తగ్గింది, పోలేదు. తర్వాత వైర్లు ఒక్కొక్కటే వెతుకుతూ పోతే, ఆ కెపాసిటర్ గ్రౌండు వైరు చాసిస్ అంతా దాటుకుని వచ్చి గిటార్ జాక్ దగ్గర కలిసింది. అంటే కెపాసిటర్ నింపే కరెంటు దెబ్బలన్నీ అతి సున్నితమైన చోటు గుండా పోతున్నాయి. ఆ వైరు తెంపి ట్రాన్స్‌ఫార్మర్ పక్కన వేరే బోల్టుకు బిగించాను. రొద ఒక్కసారిగా సగానికి పైగా పడిపోయింది. కెపాసిటర్ 90 రూపాయలు, వైరు మార్చడానికి ఖర్చేమీ లేదు. ఎక్కువ పని చేసింది వైరే.

అడుగున ఇంకో సన్నటి రొద మిగిలింది, ఒక ఆక్టేవ్ కింద. ఇది హీటరుదే. హీటరు ఒక కొసను నేరుగా గ్రౌండుకు కట్టారు. దాన్ని విప్పి, రెండు కొసల నుంచి చెరో 100 ఓమ్‌ల రెసిస్టరు తీసి, అవి కలిసే చోటును ఈఎల్84 కాథోడ్‌కు కలిపాను. అక్కడ 8.5 వోల్టులున్నాయి కదా, హీటరు మొత్తం ఆ ఎత్తున తేలుతుంది. 12ఏఎక్స్7 కాథోడ్ వైపు కరెంటు కారడం ఆగుతుంది. హీటరు వైర్లను జడలా బిగువుగా అల్లి మూలగా పోనిచ్చాను.

ఇప్పుడు యాంపు ఆన్‌లో ఉందో లేదో దీపం చూసి తెలుసుకోవాలి.

జూన్ 28, శనివారం

మిగిలింది లావు తీగల ముద్ద. అనుమానం అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ మీద. యాంపులో ఉన్నది నిమ్మకాయ కంటే కాస్త పెద్దది. 5 వాట్లను 82 హెర్ట్జ్ దాకా, అంటే లావు E తీగ దాకా, మోయడానికి అంత ఇనుము చాలదు. బయటి దేశం నుంచి తెప్పించుకోవచ్చు, కానీ హైదరాబాదులో వైండింగ్ చేసేవాళ్లుండగా ఇక్కడే చుట్టించాలని నా పట్టుదల.

ఉస్తాద్‌తో కూర్చుని లెక్క వేశాం. ట్యూబుకు దాదాపు 5,200 ఓమ్‌ల భారం కనిపించాలి, స్పీకరు 8. భాగిస్తే 650, దాని వర్గమూలం 25.5. స్పీకరు వైపు ఒక చుట్టుకు ట్యూబు వైపు ఇరవై ఐదున్నర చుట్లు. మధ్య కాలు ఒక అంగుళం వెడల్పు, ఒక అంగుళం మందం ఉన్న స్టాంపింగులు (ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప రేకులు). ట్యూబు వైపు చుట్టు, అంటే ప్రైమరీ, 2,550 చుట్లు, 36 గేజి. స్పీకరు వైపుది, సెకండరీ, 100 చుట్లు, 20 గేజి. ప్రైమరీని 1,275 చొప్పున రెండు సగాలు చేసి, సెకండరీని వాటి మధ్యలో చుట్టాలి. లేకపోతే సన్న తీగల మెరుపు పోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది గ్యాపు. ఇలాంటి ఒంటి ట్యూబు యాంపులో ఆ 43 మిల్లీఆంపియర్లు ప్రైమరీ గుండా ఎప్పుడూ ఒకే దిక్కున పారుతుంటాయి. దాంతో ఇనుము ముందే అయస్కాంతంతో నిండిపోతుంది. నిండు కుండలో ఇంకేం పోస్తాం? దారిలో చిన్న సందు పెడితే ఇనుము అంత తొందరగా నిండదు, సిగ్నల్‌కు జాగా మిగులుతుంది. లావు స్వరాలకే ఎక్కువ జాగా కావాలి. మా లెక్కకు సందు 0.1 మిల్లీమీటరు.

రాణిగంజ్‌లో వైండింగ్ షాపుకు వెళ్లి ఇవన్నీ కాగితం మీద రాసి ఇచ్చాను. గ్యాపు సంగతి మాత్రం నోటితో చెప్పాను. 1,400 రూపాయలు, వారం రోజులు.

జూలై 5, శనివారం

ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. నున్నగా వార్నిష్ పట్టి, చేతిలో బరువుగా, చూడముచ్చటగా ఉంది. కలిపే ముందు పరీక్ష: వేరే ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 6.3 వోల్టులు సెకండరీకి ఇచ్చి ప్రైమరీ దగ్గర కొలిస్తే 160. భాగిస్తే 25.4. చుట్ల లెక్క గురి తప్పలేదు.

బిగించే చోటు వెతకడానికి ఒక పద్ధతి ఉంది. కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను దేనికీ కలపకుండా, దాని సెకండరీకి ఇయర్‌ఫోన్ తగిలించి, యాంపు ఆన్‌లో ఉండగా పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మెల్లగా తిప్పాలి. ఒక కోణంలో రొద గట్టిగా వినిపిస్తుంది, ఇంకో కోణంలో మాయమవుతుంది. మాయమైన చోట పెన్సిల్‌తో గీత గీసి, యాంపు ఆపి అక్కడే బిగించాను.

సాయంత్రం ఏడింటికి మొదటి కార్డు కొట్టాను. లావు తీగలు లేవు. ముద్ద కూడా లేదు, అసలు స్వరమే సన్నబడిపోయింది. తీసేసిన నిమ్మకాయ ట్రాన్స్‌ఫార్మరే నయం.

జూలై 7, సోమవారం

రెండు రోజులు నిద్ర సరిగ్గా పట్టలేదు. ఒక దశ నుంచి ఇంకో దశకు సిగ్నల్‌ను దాటించే కప్లింగ్ కెపాసిటర్లు చూశాను, బాగున్నాయి. వోల్టేజీలు చూశాను, మారలేదు. చుట్ల లెక్క మళ్లీ చూశాను, సరిపోయింది. స్పీకరు వేరే దానికి కలిపి చూశాను. మీటరు చూపించేవన్నీ సరిగ్గానే ఉన్నాయి, చెవి మాత్రం కాదంటోంది. ఇలాంటప్పుడు చెవినే నమ్మాలి. మీటరు మనం అడిగిన ప్రశ్నకే జవాబిస్తుంది.

ఇవాళ ఆఫీసు అయ్యాక ట్రాన్స్‌ఫార్మర్ పట్టుకుని ఉస్తాద్ దగ్గరికి పోయాను. ఆయన మీటరు తీయలేదు. కళ్లద్దాలు పైకి తోసి, ట్రాన్స్‌ఫార్మర్‌ను కిటికీ వెలుగుకు పెట్టి, పక్క అంచును గోటితో మీది నుంచి కిందికి గీశాడు. గోరు టకటకమంటూ ప్రతి రేకు దగ్గరా ఆగింది. "చూడు బేటా. ఒకటి ఇటు, ఒకటి అటు."

అప్పుడు కనిపించింది. స్టాంపింగుల్లో ఇంగ్లీషు ఈ (E) అక్షరం ఆకారంలోవి కొన్ని, ఐ (I) ఆకారంలోవి కొన్ని ఉంటాయి. పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లో ఈలను ఒకటి ఇటునుంచి, ఒకటి అటునుంచి మార్చి మార్చి దూరుస్తారు, సందు లేకుండా ఉండాలని. గ్యాపు కావాలంటే ఈలన్నీ ఒకవైపు, ఐలన్నీ ఒకవైపు పెట్టి, మధ్యలో కాగితం వేయాలి. నా ట్రాన్స్‌ఫార్మర్‌ను పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌లా పేర్చి, గట్టిగా కొట్టి బిగించారు. ఇనుము నిండిపోయింది. చుట్ల పరీక్షలో ఇది దొరకదు, ఎందుకంటే ఆ పరీక్షలో ఒకే దిక్కున పారే కరెంటు ఉండదు.

జూలై 12, శనివారం

రేపు లష్కర్ (సికింద్రాబాద్) బోనాలు. రాణిగంజ్ సందుల్లో వేపమండలు కట్టేశారు, మైకుసెట్లు మోగుతున్నాయి. షాపతను నన్ను చూసి, "సారూ, రేపు బంద్. ఏదున్నా ఇయ్యాల్నే చెయ్యాలె" అన్నాడు.

ట్రాన్స్‌ఫార్మర్ చూపించి గ్యాపు సంగతి అడిగాను.

"గ్యాపా? సారూ, రేకులు లూజుంటే గుయ్యిమంటది. కస్టమర్ మళ్ల తెచ్చి మొకాన కొడతడు. ముప్పై ఏండ్ల సంది గట్టిగనే కొడుతున్న."

ఆయన తప్పు లేదు. ఆయన చేతిలోకి వచ్చేవన్నీ స్టెబిలైజర్లు, ఇన్వర్టర్లు. వాటికి సందు ఉండటమే తప్పు. నేను కాగితం మీద రాయాల్సింది, నోటితో చెప్పి ఊరుకున్నాను. ఒకే దిక్కున పారే కరెంటు గురించి బల్ల మీద సుద్దముక్కతో గీసి చెప్పాను. ఆయన కాసేపు ఆ బొమ్మ వైపే చూసి, "అంటే ఇది చౌకు లెక్క అన్నట్టు. ట్యూబులైటు చౌకుల ఉంటది ఈ సందు" అన్నాడు. సరిగ్గా అదే. నేను అరగంట చెప్పింది ఆయన ఒక్క మాటలో పట్టుకున్నాడు.

వార్నిష్ పట్టిన రేకులు ఊడదీయడం అంత సులువు కాదు. మొదటి రేకును పలచటి కత్తితో లేపి, కొయ్య సుత్తితో అటూ ఇటూ తట్టి, అది వచ్చాక మిగతావి ఒక్కొక్కటే లాగాడు. రెండు వంగితే పక్కన పడేసి కొత్తవి వేశాడు. ఈలన్నీ ఒకవైపునుంచి దూర్చాడు.

ఇప్పుడు 0.1 మిల్లీమీటరు కాగితం కావాలి. పక్కనే జెరాక్స్ షాపు. ఏ4 కాగితాలు పది కలిపి ఆయన కాలిపర్‌లో పెడితే సరిగ్గా ఒక మిల్లీమీటరు. ఒక కాగితంలోంచి అంగుళం వెడల్పు పట్టీ కత్తిరించి, ఈల మూడు కాళ్ల కొసల మీద పరిచి, ఐల కట్టను దాని మీద కూర్చోబెట్టి, చుట్టూ ఇనుప పట్టీ బిగించాడు. మళ్లీ వార్నిష్‌లో ముంచి, రెండు వందల వాట్ల బల్బు కింద పెట్టాడు. మూడు గంటలు అక్కడే స్టూలు మీద కూర్చున్నాను. ఆయన డబ్బులు తీసుకోలేదు. నేను రెండు వందలు బల్ల మీద పెట్టి వచ్చాను.

రాత్రి తొమ్మిదిన్నరకు ఇంట్లో బిగించాను. వాల్యూమ్ మూడు మీద పెట్టి లావు E తీగ ఒక్కటే మీటాను.

తీగ పలికింది. చాపకింది నేల కూడా పలికినట్టనిపించింది. స్వరం మొదట గట్టిగా నిలబడి, మెల్లగా సన్నబడుతూ చివరిదాకా జీరపోకుండా వెళ్లింది. ఆ ఒక్క తీగనే ఎన్నిసార్లు మీటానో లెక్కలేదు. మా ఆవిడ వచ్చి గుమ్మంలో కూర్చుని వింది, ఏమీ అనలేదు.

జూలై 20, ఆదివారం

చిన్న సవరణలు, త్వరగా రాస్తాను. గిటార్ జాక్ నుంచి మొదటి ట్యూబులో సిగ్నల్ అందుకునే గ్రిడ్‌కు నేరుగా వైరు ఉంది, మధ్యలో 68 కిలోఓమ్‌ల రెసిస్టరు వేసి ట్యూబు కాలుకు ఆనించి సోల్డర్ చేశాను. ఎక్కడినుంచో వచ్చే రేడియో గుసగుస ఆగింది. వాల్యూమ్ నాబు మీద సన్న తీగల మెరుపు కోసం పెట్టిన చిన్న కెపాసిటర్ తీసేశాను. పెద్ద స్పీకరుకు అది అక్కర్లేదు, చెవిని పొడుస్తోంది.

మొదటి దశ కాథోడ్ కెపాసిటర్ 22 మైక్రోఫారడ్లది తీసి 1 మైక్రోఫారడ్‌ది వేశాను. లావు స్వరాలను ఇక్కడ కొంచెం తగ్గించి పంపితేనే గరగరలాడేటప్పుడు కార్డులో ప్రతి తీగా విడిగా వినిపిస్తుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నప్పుడు ఇదే మార్పు చేసి ఉంటే సౌండు పీలగా మారేది.

కప్లింగ్ కెపాసిటర్లు కూడా మార్చి చూశాను, ఒక్కొక్కటి 450 రూపాయలవి. తేడా లేదు. పాతవే మళ్లీ వేశాను.

ఆగస్టు 2, శనివారం

సైనిక్‌పురిలో మా బ్యాండు సాధన చేసే జామ్ రూముకు యాంపును తీసుకెళ్లాను. డ్రమ్స్ పక్కన 5 వాట్లు నిలబడుతుందా అని అనుమానం. డ్రమ్మరు మెల్లగా వాయిస్తే నిలబడింది, జోరందుకుంటే మునిగింది. దానికి చేసేదేమీ లేదు, 5 వాట్లు 5 వాట్లే. కానీ వాల్యూమ్ ఏడు మీద పెట్టి, గిటార్ నాబు సగానికి తగ్గిస్తే శుభ్రంగా, పూర్తిగా తిప్పితే గరగరగా. వేలు ఎంత గట్టిగా పడితే అంత. ఫిబ్రవరిలో ఏది కోరుకున్నానో అదే.

మా బేస్ తమ్ముడు పాట మధ్యలో ఆపి, "అన్నా, నాకూ ఒకటి చేసిస్తవా?" అని అడిగాడు. వాడి దగ్గర కూడా ఇలాంటి చిన్న యాంపే ఒకటి మంచం కింద పడి ఉందట.

వచ్చేదారిలో ఇద్దరం రాణిగంజ్‌లో దిగాం. షాపతను నన్ను చూడగానే గల్లాపెట్టె కింద నుంచి గళ్ల నోట్‌బుక్ తీసి తిరగేశాడు. స్టెబిలైజర్ల లెక్కల మధ్య ఒక పేజీ పైన "గిటార్ మిషన్" అని పెద్దగా రాసి ఉంది. కింద 2,550, 100, గేజీలు, స్టాంపింగు సైజు. అన్నిటికంటే కింద ఎర్ర పెన్నుతో రెండుసార్లు గీత గీసి: ఈలు అన్ని ఒక్క దిక్కు. జెరాక్స్ కాగితం ఒకటి.

"ఇదే గద సారూ? ఎన్ని చెయ్యాలె?" అన్నాడు.